మూసి ఉంచిన ఓవెన్

నా పదవీ విరమణ సభలో మా డైరెక్టరు మాట్లాడుతూ, ఈవిడ రాసిన ప్రొసీజర్లలో ఏ ఆడిట్‌లోనూ ఒక్క తప్పు దొరకలేదు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చేతులు ఊరికే ఉంచుకుంటే బాగుండదని. ఆయన అన్నది నిజమే, తప్పు దొరకలేదు. ఎందుకు దొరకలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొత్తగా ప్లాంట్లలో, ల్యాబుల్లో చేరుతున్న మీలాంటివాళ్లు చదివితే చాలు. చదివి బాగుపడతారన్న ఆశ నాకు పెద్దగా లేదు. నాకూ చెప్పినవాళ్లు లేకపోలేదు, నేనే వినిపించుకోలేదు.

మాది కాడుగోడి రైల్వే స్టేషనుకు నడిచి పోగలిగినంత దూరంలో ఒక షెడ్డు. కాలిన చేతులకు కట్టే ప్లాస్టిక్ పట్టీలు తయారుచేసేవాళ్లం. మామూలు ప్లాస్టిక్ కాదు, పుట్టినప్పటి ఆకారాన్ని గుర్తుపెట్టుకునే రకం. వేడి అచ్చులో తిన్నగా తయారుచేశామనుకోండి, అదే దాని అసలు ఆకారం. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో మెత్తబరిచి, వంచి, చల్లారిస్తే వంగినట్టే ఉండిపోతుంది. మళ్లీ వెచ్చదనం తగిలితే మెల్లగా తిన్నబడుతుంది. చెయ్యి కాలినవాళ్లకు పుండు మానేటప్పుడు చర్మం బిగుసుకుని వేళ్లను అరచేతిలోకి లాగేస్తుంది. మా పట్టీని ఆ వంగిన వేళ్ల వెంబడి వంచి కడితే, ఒంటి వేడికే అది రోజుకింత తిన్నబడుతూ వేళ్లను కూడా తనతో తీసుకుపోతుంది. స్క్రూలు బిగించే పని లేదు, నొప్పి తక్కువ. ఆ పట్టీ వేసుకుని చేయి తిన్నగా చాపిన మొదటి మనిషిని చూసిన రోజు నాకు ఇంటికి పోయాక అన్నం తినబుద్ధి కాలేదు, అంత సంతోషం.

నేను టెస్టింగ్ సెక్షన్ చూసేదాన్ని. ప్రొసీజర్లు రాయడం కూడా నా పనే. ఏ ప్లాస్టిక్ గుళికలు ఎంతసేపు ఆరబెట్టాలి, వాటిని కరిగించి అచ్చులో నొక్కే ప్రెస్సు వేడి ఎంత ఉండాలి, ఎంతసేపు నొక్కాలి, ఎట్లా చల్లార్చాలి, అన్నీ కాగితం మీద ఉండాలి. కాగితం మీద లేని పని జరగనట్టే లెక్క అని నేను అందరికీ పాఠం చెప్పేదాన్ని.

ప్రెస్సు మీద పనిచేసే ఆపరేటరు ఒకాయన ఉండేవాడు. మాలూరు దగ్గర పల్లె, తాతల నాటి నుంచీ ఆ కన్నడ సీమలోనే ఉన్న తెలుగువాళ్లు. ఇప్పుడు రాసేటప్పుడు ‘ఆయన’ అని రాస్తున్నాను గాని అప్పట్లో ‘ఏమప్పా’ అనే పిలిచేదాన్ని, నాకంటే పదేళ్లు చిన్న కాబట్టి. రోజూ రైల్లో వచ్చి రైల్లో పోయేవాడు. సాయంత్రం రైలు తప్పితే తర్వాతది ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని ఆయనకు గడియారం చూడటం ఒక జబ్బుగా ఉండేది. నాకు ఆ జబ్బు చూస్తే ఒళ్లు మండేది.

నా ప్రొసీజర్ ప్రకారం అచ్చు లోంచి తీసిన ముక్కలను ఫ్యాను కింద చల్లార్చి, అంచులు కత్తిరించి, అప్పగించి పోవాలి. ఒకరోజు ఉదయం నేను ముందుగా వచ్చి చూస్తే, గుళికలు ఆరబెట్టే ఓవెన్‌లో నిన్నటి ముక్కలన్నీ ఉన్నాయి. రేకు పళ్లెంలో వరసగా పేర్చి, చోటు చాలక పైన ఇంకో పళ్లెం బోర్లించి ఉంది. ఆయన రాగానే అడిగాను.

“రైలుకు టైమైపోతా ఉండె మేడమ్. ఓవెన్ ఆఫ్ చేసి, సుమ్నే, ఊరికే లోపల పెట్టి తలుపు మూసి పోతిని. పొద్దున్నే వచ్చి అంచులు తీసేస్తా గదా, ఏమీ కాదు.”

“ఏమీ కాదని నువ్వెట్లా చెప్తావప్పా? ప్రొసీజర్‌లో ఏముంది?”

“ఫ్యాను కింద అని ఉండాది.”

“మరి?”

ఆయన తల వంచుకున్నాడు. రైలు కోసం పని ఎగ్గొట్టే మనిషి అని నలుగురి ముందూ అన్నాను. ఆ మాట నాకు గుర్తుంది, ఎందుకంటే అది అన్నాక నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆ తర్వాత ఎప్పుడూ ఉదయం ఓవెన్‌లో ముక్కలు కనపడలేదు. దారిలో పడ్డాడులే అనుకున్నాను. ఆయన దారిలో పడలేదు. నాకంటే ముందు వచ్చే రైలు పట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను వచ్చేసరికి ముక్కలు బయట బల్ల మీద, అంచులు కత్తిరించి సిద్ధంగా ఉండేవి. అట్లా కొన్నేళ్లు గడిచాయి. మా పట్టీలు బాగా పనిచేశాయి. డాక్టర్లు మెచ్చుకున్నారు. నేను నా ప్రొసీజర్‌ను మెచ్చుకున్నాను.

తర్వాత గిరాకీ పెరిగింది. మా డైరెక్టరు హైదరాబాదు మనిషి, సాఫ్ట్‌వేర్ లోంచి ఈ వ్యాపారానికి వచ్చినవాడు. “ఇంకెన్నాళ్లు మేడమ్ ఆ ఓల్డ్ ప్రెస్ మీద? డాక్టర్స్ అడుగుతున్నారు, మనం సప్లై చెయ్యలేకపోతున్నాం. ఇంజెక్షన్ మెషీన్ తెచ్చేద్దాం,” అన్నాడు. తెచ్చారు. ప్రెస్సులో గుళికలు కరిగి, ఉన్నచోటనే మెల్లగా పరుచుకుంటాయి. ఈ మెషీన్‌లో కరిగిన ప్లాస్టిక్‌ను సన్నటి రంధ్రం గుండా ఒక్క ఊపున అచ్చులోకి తోస్తారు. నిమిషంలో చల్లబడి ముక్క బయట డబ్బాలో పడుతుంది. చూడ్డానికి పాతదానికంటే నున్నగా, అందంగా ఉంది.

ఇక్కడ ఒక్క సంగతి మీకు చెప్పక తప్పదు. ఈ ప్లాస్టిక్ మనం నేర్పిన ఆకారాన్ని మాత్రమే గుర్తుపెట్టుకోదు, తన మీద జరిగినదాన్ని కూడా గుర్తుపెట్టుకుంటుంది. రంధ్రం గుండా తోసినప్పుడు లోపలి పోగులు ఒక వైపుకు సాగుతాయి. సర్దుకునేలోపే చల్లబడితే ఆ సాగుడు లోపలే ఉండిపోతుంది. తర్వాత ఎప్పుడు వెచ్చబడ్డా, తిన్నబడటంతో పాటు ఆ పాత సాగుడు నుంచి వెనక్కి ముడుచుకోవాలని కూడా చూస్తుంది. దాన్ని మరిపించాలంటే, ముక్కను కదలకుండా పెట్టి, వేడిలో ఉంచి, చాలా మెల్లగా చల్లారనివ్వాలి. పుస్తకాల్లో ఉన్నదే. నేను చదివిందే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.

మరి టెస్టింగ్‌లో ఎందుకు పట్టుకోలేదంటారు. టెస్టుకు కావలసిన సన్నటి పట్టీలు తయారుచేసే అచ్చు కొత్త మెషీన్‌కు ఇంకా రాలేదు. గుళికలు అవే కదా అని టెస్టు పట్టీలను పాత ప్రెస్సు మీదే చేయించాను. చేసింది ఆయన. ఎప్పట్లాగే ఓవెన్‌లో మూసి పెట్టి, రైలెక్కి పోయి, పొద్దున్నే నాకంటే ముందు వచ్చి బయటకు తీసి ఇచ్చాడు. అవి బంగారంలా తిన్నబడ్డాయి. ‘పదార్థం అదే, కాబట్టి ఫలితం అదే’ అని రిపోర్టులో రాసి సంతకం పెట్టాను. ఆ వాక్యం ఇప్పటికీ నిద్రలో కూడా అప్పజెప్పగలను.

ఆ రోజుల్లోనే ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“కొత్త మిషన్ ముక్కలు రాత్రికి ఎక్కడ పెడతారు మేడమ్?”

ప్రెస్సు మూసేస్తే తన పని పోతుందని దిగులు పడుతున్నాడేమో అనుకున్నాను. “వాటికి రాత్రి అక్కర్లేదప్పా. అచ్చు లోంచి వస్తే అయిపోయినట్టే. నిన్ను ఎక్కడికీ పంపించములే,” అన్నాను. ఆయన ఇంకేదో అనబోయి, తల ఊపి పోయాడు. ఓవెన్ మాట ఎత్తితే ఇన్నేళ్లుగా చేస్తున్నది బయటపడుతుంది. నలుగురి ముందూ నేనన్న మాట ఆయనకు కూడా గుర్తుంది.

నెల తిరక్కుండా ఆయన భార్య చెయ్యి కాలింది. కాగుతున్న నూనె మూకుడు జారి కుడి అరచెయ్యి, మూడు వేళ్లు. ఆమె చీరల కొంగులకు కుచ్చులు కట్టేది. నగర్తపేట దుకాణాల నుంచి చీరలు మూటలుగా ఆమె దగ్గరికి వచ్చేవి. నేనొకసారి చూశాను, పట్టుదారాలు నాలుగు వేళ్ల మధ్య పరిచి, చూపుడువేలితో ఒక్కొక్కటి లాగి ముడి వేస్తుంటే దారం కదిలినట్టే ఉండదు, ముడి మాత్రం పడుతుంది. ఊళ్లో అమ్మాయిలు ఆమె దగ్గరే నేర్చుకునేవాళ్లు. ఆ చేతికి ఆసుపత్రిలో తొడ చర్మం తీసి అతికించారు. చేతుల డాక్టరు మా పట్టీ వేయమన్నాడు. కొత్త మెషీన్ పట్టీలను కొద్దిమంది మీద వాడి చూడటం అప్పుడే మొదలైంది. ఆమె పేరు నేనే ఆ జాబితాలో చేర్చాను. మన ఇంటి మనిషే కదా అనుకున్నాను.

ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మేడమ్, పాత ప్రెస్సులోది ఒకటి ఉంటే ఇస్తారా, మా ఇంట్లోదానికి.”

పాత ప్రెస్సు ముక్కలు నా వెనక బీరువాలోనే ఉన్నాయి. చెయ్యి చాస్తే అందుతాయి.

“ఎందుకప్పా? రెండూ ఒకటే.”

“ఒకటే అంటారా?”

“నేను టెస్టు చేశాను కదా. ఒక్కరికి వేరేది ఇస్తే ట్రయల్ చెడిపోతుంది. నువ్వు చేసిందైతేనే మంచిదనుకుంటున్నావా?” అని నవ్వాను కూడా.

“అట్లేం లేదు మేడమ్. మీరు చెప్తే సరే.”

సాయంత్రం నేనిచ్చిన కొత్త పట్టీని సంచీలో పెట్టుకుని రైలుకు పోయాడు. మరుసటి రోజు ఆసుపత్రిలో దాన్ని గోరువెచ్చటి నీళ్లలో మెత్తబరిచి ఆమె వేళ్లకు కట్టారు. తర్వాత రోజూ కట్లు విప్పి మందు రాసి మళ్లీ కట్టే పని ఆయనకు నేర్పించారు. మిగతావాళ్లు వారం వారం ఆసుపత్రికి వచ్చి చూపించుకునేవాళ్లు. ఆమెకు మాత్రం, అంత దూరం రావడమెందుకు, మీ ఆయన రోజూ నాకు కనపడతాడు కదా, ఆయనతో కబురు చెప్తే చాలని నేనే ఫోనులో చెప్పాను. అది కూడా ఉపకారం చేస్తున్నాననే అనుకున్నాను.

“ఎట్లుందప్పా?” అని అడిగేదాన్ని.

“కట్టుకోనే ఉండాది మేడమ్.” ఒక వారం ఇంకో మాట చేర్చాడు. “స్వల్ప పక్కకు తిరిగినట్లుండాది.”

“మొదట్లో అట్లాగే ఉంటుంది. కట్టడం మానొద్దు, సర్దుకుంటుంది.”

మానలేదు. మేడమ్ చెప్పిందని ఆమె నొప్పిని కూడా భరించిందట. ఇది తర్వాత తెలిసింది.

ఒకరోజు ఆసుపత్రి నుంచి డాక్టరే ఫోను చేశాడు, వెంటనే రమ్మని. మిగతావాళ్ల పట్టీలు మెలి తిరుగుతున్నాయని అంతకు ముందు వారమే డాక్టరుకు అనుమానం వచ్చి, విప్పేసి పాత స్క్రూల రకం కట్టించాడు. వాళ్లు గట్టెక్కారు. ఈమెను కబురు పెట్టి రప్పించాడు. నేను వెళ్లేసరికి పట్టీ విప్పి బల్ల మీద ఉంది. ఆమె కుర్చీలో కూర్చుని చేతిని ఒడిలో పెట్టుకుంది. మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతిలోకి వంగి, చిటికెన వేలి వైపుకు తిరిగి బిగుసుకుపోయాయి. డాక్టరు వాటిని చాపడానికి చూశాడు. ఆమె పళ్లు బిగపట్టింది. వేళ్లు రాలేదు.

“ఈమెను ఇన్ని వారాలు ఎవరూ ఎందుకు చూడలేదు?” అని డాక్టరు అడిగాడు. అడిగింది నన్నే.

ఆమె నా వైపు చూసి, “మేడమ్, ఇది ఇట్లే ఉంటుందా, ఇంకా తిన్నగా అవుతుందా?” అంది. కోపంగా కాదు. నేను చెప్తానని నమ్మి అడిగింది. నేను డాక్టరు వైపు చూశాను.

పట్టీని తీసుకుని షెడ్డుకు వచ్చి, తొట్టిలో గోరువెచ్చటి నీళ్లు పోసి అందులో వేశాను. తిన్నబడాల్సింది, సగం దూరం వచ్చి ఆగింది, అంచులు పొయ్యి మీది అప్పడంలా ఒక పక్కకు మెలి తిరిగాయి. బీరువా లోంచి పాత ప్రెస్సు ముక్క తీసి, వంచి, చల్లార్చి, అదే నీళ్లలో వేశాను. స్కేలు బద్దలా తిన్నబడింది. ఆయన నా పక్కనే నిలబడి రెండూ చూశాడు. ఆసుపత్రి నుంచి భార్యను ఇంటికి పంపి నాతోపాటే వచ్చాడు.

“నేను ఓవెన్‌లోనే పెడతా ఉంటిని మేడమ్,” అన్నాడు. “మీరు తిట్టినాక కూడా. పొద్దున్నే వచ్చి తీసేస్తా ఉంటిని. ఫ్యాను కింద పెట్టినవాట్లో ఒకోటి వంకర పోయేవి. ఓవెన్‌లోవి పోయేవి కావు. ఎందుకో నాకు తెలీదు. మీకు చెప్పేకి భయం.”

నాకు ఎందుకో తెలుసు. ఆయనకు ఏం చెయ్యాలో తెలుసు. ఇద్దరం ఒకే గదిలో కొన్నేళ్లు పనిచేశాం. ఆ నిమిషంలో నాకు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. ఏడుపు తర్వాత బస్సులో వచ్చింది, వర్తూరులో దిగేదాకా ఆగలేదు.

తర్వాత విచారణ జరిగింది. బల్ల చుట్టూ కూర్చుని కాగితాలన్నీ తిరగేశారు. నా ప్రొసీజర్‌లో తప్పు లేదు. ఫ్యాను కింద చల్లార్చాలి అని రాసి ఉంది. ఎవరూ దాన్ని దాటకూడదని కూడా రాసి ఉంది. డైరెక్టరు అన్నాడు, “మేడమ్, డాక్యుమెంట్ క్లీన్‌గానే ఉంది. డీవియేషన్ అంతా ఆపరేటర్ సైడ్ నుంచి. అతను ఇన్నేళ్లు చెప్పకుండా ఓవెన్ వాడటం వల్లే మన డేటా తప్పయింది.” వినడానికి ఎంత సరిగ్గా ఉందో చూడండి. మా పనిలో సరైనది అంటూ జరిగింది ఒక్కటే, ఆయన దొంగచాటుగా ఓవెన్ తలుపు మూయడం. ఆ ఒక్కదానికి ఆయనకు మెమో ఇచ్చారు. సంబంధిత అధికారిగా దాని కింద సంతకం పెట్టాల్సింది నేను. పెట్టనని అనొచ్చు. రిటైర్‌మెంటుకు రెండేళ్లుంది. పెట్టాను.

మెమో ఇంగ్లీషులో ఉంది. ఆయనకు కన్నడం చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. నా దగ్గరికే తెచ్చాడు.

“ఏం రాసినారు మేడమ్?”

“ఓవెన్ సంగతి రాశారు.”

“బాగా రాసినారా?”

“ఊ,” అన్నాను.

నేను చూపించిన చోట ఆయన సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఎవరో ఆయనకు చదివి చెప్పే ఉంటారు. నాతో ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. అట్లా ఎత్తకపోవడం ఎంత బరువో అనుభవించినవాళ్లకు తెలుస్తుంది. ప్రొసీజర్ మార్చాం. ముక్కలను రెండు పళ్లేల మధ్య పేర్చి, ఓవెన్ ఆపి, తెల్లవారేదాకా తలుపు తీయకూడదు అని కొత్తగా ఒక అంశం చేర్చాం. కింద ‘తయారుచేసినవారు’ అన్నచోట నా పేరుంది. కొత్త మెషీన్ పట్టీలు ఇప్పుడు బాగా పనిచేస్తున్నాయట. ఎన్నో చేతులు తిన్నబడ్డాయట. ఆమె చేతికి ఇంకో ఆపరేషన్ చేశారు. పెద్దగా ఫలితం లేదు.

రిటైరయ్యాక నెల రోజులు ఇంట్లో కూర్చోలేకపోయాను. ఒక ఆదివారం ఉదయం రైలెక్కి వాళ్ల ఊరికి పోయాను. ఆయన నన్ను చూసి కంగారుపడి కుర్చీ తెచ్చి వేశాడు. ఇంట్లో చీరల మూటలు కనపడలేదు, కుచ్చులు కట్టే చెక్క గోడకు ఆనించి ఉంది. ఆమె కాఫీ తెచ్చి ఇచ్చింది. గ్లాసు కుడిచేత్తోనే పట్టుకుంది. నేను ఆ వేళ్లనే చూస్తున్నానని గమనించి, “గ్లాసు పట్టేకి సరిపోతా ఉండాయి మేడమ్. ఇంక దేనికీ పనికిరావు,” అంది.

వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని నాకు కాసేపటికి అర్థమైంది. ఏం కావాలన్నా గోడకు చెప్పినట్టు చెప్తున్నారు. నేను చెప్పాల్సింది అంతా చెప్పాను. మెమోలో నిజంగా ఏం రాశారో, దాని కింద ఎవరి సంతకం ఉందో, బీరువాలో ఆ రోజు ఏమున్నాయో చెప్పాను. తప్పు నాదేనని చెప్పాను. ఆమె గడప దగ్గర నిలబడి వింది. ఆయన నేల చూస్తూ విన్నాడు.

“మెమో సంగతి తెలుసు మేడమ్,” అన్నాడు. “నేను ఒకటి అడిగేదా?”

“అడుగు.”

“నాకు తెలుసు గదా, ఓవెన్‌లో పెట్టనివి వంకర పోతాయని. తెలిసీ నా చేతుల్తోనే దీనికి రోజూ కట్టినాను. అందుకే ఇది నాతో మాట్లాడేది మానేసింది. ఆ పొద్దు మీ దగ్గర నిలబడినప్పుడు ఇంకొకసారి గట్టిగా చెప్పింటే, మీరు వినేవాళ్లా?”

మర్యాద కోసం వినేదాన్నని చెప్పొచ్చు. అట్లా చెప్తే నేను మంచిదాన్నవుతాను, ఆయన చెప్పనివాడవుతాడు. బీరువా ఎదురుగా నిలబడి నవ్విన నా మొహం నాకు గుర్తుంది.

“వినేదాన్ని కాదు,” అన్నాను. “పదిసార్లు చెప్పినా వినేదాన్ని కాదు.”

ఆయన చాలా నెమ్మదిగా ఊపిరి వదిలాడు. అన్నాళ్లలో మొదటిసారి తలెత్తి భార్య వైపు చూశాడు.

“విన్నావా?” అన్నాడు.

ఆమె నా చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుంది. ఆ మూడు వేళ్ల వంపులో గ్లాసును ఇరికించుకుని లోపలికి పోయింది.